పైథాన్ చెబుతుంది – సీ చేస్తుంది
(వామనగుంటల ఆటను కంప్యూటరుకు నేర్పిన కథ)



మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి వరకు చదువుకున్నవాళ్లం. ఇప్పుడు డిప్లొమాలోనూ డిగ్రీలోనూ కంప్యూటరు చదువుతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ గారు అడిగినప్పుడు కవిత రాయాలా, కథ రాయాలా అని ఆలోచించాం. చివరికి, పోయిన సెలవుల్లో ఇక్కడి తమ్ముళ్లతో కలిసి చేసిన పనినే అందరికీ అర్థమయ్యేలా రాద్దామని నిర్ణయించుకున్నాం. ఇందులో కొంచెం కంప్యూటరు సంగతి, కొంచెం ఆట సంగతి, మేము చేసిన తప్పుల సంగతి ఉన్నాయి. ఎనిమిదో తరగతి తమ్ముడు కూడా చదివి అర్థం చేసుకోగలిగితే మా శ్రమ ఫలించినట్లే.

ఈ ఆట ఎందుకు?

మన ఊరి పేరులో రోలూ ఉంది, గుంటా ఉంది. గుంటలతో ఆడే ఆట అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది వామనగుంటలు. అమ్మమ్మలు మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని చింతపిక్కలతో ఆడతారు. ఇటు ఏడు, అటు ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. తమిళులు దీన్నే పల్లాంగుళి అంటారు. నియమాలు ఊరికొక రకంగా ఉంటాయి. మేము పెట్టుకున్న నియమం ఇది: ఒక్కో గుంటలో 5 పిక్కల చొప్పున మొత్తం 70 పిక్కలు. మన వైపు ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి, వరుసగా గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. చేతిలో పిక్కలు అయిపోగానే, ఆ పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని తరువాతి గుంటలో ఉన్నవన్నీ మనవి. అక్కడితో మన వంతు అయిపోతుంది.

హాస్టల్లో ఒక పాత కంప్యూటరు ఉంది. ఎవరో దాత ఇచ్చినది. ఈ రోజుల్లో వచ్చే పెద్ద పెద్ద ఆటలు దాని మీద నడవవు. తమ్ముళ్లు రోజూ దాన్ని తుడిచి, బట్ట కప్పి, చూసి వెళ్లిపోయేవారు. దాని మీద నడిచే ఆట ఒకటి మనమే ఎందుకు తయారు చేయకూడదు, అదీ మన తెలుగులో, మన ఆటే ఎందుకు కాకూడదు అనిపించింది. అలా మొదలైంది.

రెండు చిక్కులు

ఆట రాయడానికి పైథాన్ అనే భాషను ఎంచుకున్నాం. ఇది స్క్రిప్టింగ్ భాష. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1991లో దీన్ని విడుదల చేశారు. రాయడం తేలిక, చదవడం ఇంకా తేలిక. బొమ్మలు గీయడానికి, మౌసు నొక్కడం గుర్తించడానికి, శబ్దానికి పైగేమ్ అనే లైబ్రరీ వాడుకున్నాం. రెండు రోజుల్లో గుంటలు, పిక్కలు తెర మీదికి వచ్చేశాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఆడుకోవడానికి ఆట సిద్ధం.

కానీ తమ్ముళ్లు, "కంప్యూటరు మాతో ఆడాలన్నా" అన్నారు. అక్కడ మొదటి చిక్కు వచ్చింది. కంప్యూటరు ఎత్తు వేయాలంటే ముందుకు ఆలోచించాలి. "నేను ఈ గుంట తీస్తే, వాడు ఏది తీస్తాడు, అప్పుడు నేను ఏది తీయాలి" అని. ఒక్కో వంతులో ఏడు వరకు దారులు ఉంటాయి. రెండు ఎత్తులకు 49 దారులు. ఆరు ఎత్తులకు 1,17,649. ఎనిమిది ఎత్తులకు 57,64,801. ప్రతి దారిలోనూ పిక్కలు ఒక్కొక్కటే పంచి చూడాలి. ఆరు ఎత్తులకు మా పాత కంప్యూటరు కొన్ని సెకన్లు తీసుకుంది. ఎనిమిది ఎత్తులు పెడితే తమ్ముళ్లు వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చినా అది ఇంకా ఆలోచిస్తూనే ఉంది. పైగా ఆలోచిస్తున్నంత సేపూ తెర కదలక మెదలక బిగుసుకుపోయేది.

రెండో చిక్కు మనసుకు ఇంకా బాధ కలిగించింది. తెర మీద "పిక్కలు" అని రాయిస్తే అక్షరాలు విరిగిపోయి వచ్చాయి. గుడి ఒక చోట, క ఒక చోట, దాని పక్కన పొల్లు, మళ్లీ ఇంకో క. ఇంగ్లీషులో రాస్తే చక్కగా వచ్చింది. ఐదో తరగతి తమ్ముడు ఒకడు చూసి, "కంప్యూటరుకి తెలుగు రాదా అన్నా?" అని అడిగాడు. ఆ మాటకు మా దగ్గర సమాధానం లేదు.

విచిత్రమేమిటంటే, వేరువేరుగా కనబడిన ఈ రెండు చిక్కులకూ మందు ఒకే చోట దొరికింది. అదే సీ భాష.

చెరకు – బెల్లం

సీ భాషను 1970ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డెనిస్ రిచీ తయారు చేశారు. మేము దాన్ని పరీక్షల కోసం చదివాం, పరీక్ష రాశాం, మరచిపోయాం. ఇంత పాత భాష ఇప్పుడెందుకు అనుకునేవాళ్లం.

సీకి, పైథాన్‌కి తేడా చెప్పడానికి మన ప్రాంతపు చెరకునే తీసుకుందాం. చెరకు గడ నమిలి తినవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు విరుచుకుని నమలడమే, ఏర్పాట్లేమీ అక్కర్లేదు. కానీ ప్రతిసారీ నమలాల్సిందే. అదే చెరకును గానుగ ఆడి, రసం కాచి, బెల్లం చేసి ఉంచుకుంటే, తయారీకి శ్రమ ఉన్నా తినేటప్పుడు శ్రమ లేదు. అనకాపల్లి బెల్లం ఎంత దూరమైనా వెళుతుంది, చెరకు గడ అంత దూరం వెళ్లదు.

పైథాన్ చెరకు లాంటిది. మనం రాసిన వాక్యాన్ని అది నడిచేటప్పుడే ఒక్కో అడుగూ విప్పి చూసుకుంటుంది. "ఇది సంఖ్యా, పేరా, జాబితానా, ఈ రెండింటినీ కలపవచ్చా" అని ప్రతిసారీ అడుగుతుంది. సీ బెల్లం లాంటిది. కంపైలర్ అనే ప్రోగ్రాము మనం రాసిన సీ వాక్యాలన్నిటినీ ముందే ప్రాసెసరుకు నేరుగా అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి పెడుతుంది. నడిచేటప్పుడు ఇక ప్రశ్నలు లేవు, పనే. అందుకే ఒకే లెక్కను లక్షలసార్లు చేయాల్సినప్పుడు సీ పదుల రెట్లు వేగంగా నడుస్తుంది.

అయితే ఆటంతా సీలోనే రాయవచ్చు కదా అంటారా? రాయవచ్చు. కానీ బొత్తాం రంగు మార్చాలన్నా మళ్లీ కంపైల్ చేయాలి. చిన్న తప్పు చేస్తే పెద్ద శిక్ష పడుతుంది. కాబట్టి తెలివైన పద్ధతి ఏమిటంటే, తరచుగా మార్చే పనులు స్క్రిప్టింగ్ భాషలో, బరువు పనులు కంపైల్ అయిన సీ లైబ్రరీలో ఉంచడం. హాస్టల్ వంటింట్లో ఈ రోజు పప్పా, సాంబారా అని నిర్ణయించేది వంటమనిషి. పిండి రుబ్బేది గ్రైండరు. గ్రైండరు మెనూ నిర్ణయించదు, వంటమనిషి చేత్తో పిండి రుబ్బడు.

ఇది కొత్త సంగతి కాదు

మేము వాడిన పైగేమ్ కూడా ఇలా తయారైనదే అని తరువాత తెలుసుకున్నాం. దాని అడుగున ఎస్‌డీఎల్ అనే సీ లైబ్రరీ ఉంది. శామ్ లాంటింగా అనే ఆయన 1998లో దాన్ని విడుదల చేశారు. తెర, శబ్దం, కీబోర్డు, మౌసు పనులన్నీ అది చూసుకుంటుంది. 2000లో పీట్ షిన్నర్స్ దానికి పైథాన్ నుంచి పిలిచే తలుపులు పెట్టి పైగేమ్ మొదలుపెట్టారు. అంటే మేము "ఇక్కడ గుండ్రం గీయి" అని పైథాన్‌లో అంటే, గీసేది సీ. మాకు తెలియకుండానే మొదటి రోజు నుంచీ సీని వాడుతున్నామన్నమాట. అంతెందుకు, మనం మామూలుగా వాడే పైథాన్ కూడా సీలో రాసినదే.

పెద్ద ఆటలదీ ఇదే దారి. బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో 1993లో లూవా అనే చిన్న స్క్రిప్టింగ్ భాష పుట్టింది. సీతో కలిసి పనిచేయడానికే దాన్ని రూపొందించారు. 1998లో వచ్చిన గ్రిమ్ ఫాండాంగో ఆటలో లూవాను వాడారు. 2005లో వచ్చిన సివిలైజేషన్ 4 ఆటలో పైథాన్‌ను వాడారు. 2024లో ప్రపంచమంతా ఆడిన బలాట్రో అనే పేకాట లాంటి ఆట, లవ్ అనే పనిముట్ల పెట్టెతో లూవాలో రాసినది. ఆ లవ్ అడుగున ఉన్నదీ ఎస్‌డీఎల్లే. బ్రెజిల్ విద్యావేత్తలు చేసిన భాష ప్రపంచమంతా నడుస్తుంటే, మన పిక్కల ఆట మనం చేసుకోలేమా?

మా లైబ్రరీ తయారీ

పైథాన్ నుంచి మన సొంత సీ పనిని పిలవడానికి చాలా దారులు ఉన్నాయి. వాటిలో తేలికైనది సీటైప్స్. థామస్ హెల్లర్ రాసిన ఈ భాగం 2006లో పైథాన్ 2.5తో పాటు పైథాన్‌లోనే చేరిపోయింది. కాబట్టి వేరుగా దించుకోనక్కర్లేదు. ఇంటర్నెట్ సరిగా రాని మన హాస్టల్లో ఇది పెద్ద ఉపకారం.

మేము చేసినది నాలుగు మెట్లలో చెబుతాం.

మొదటిది: ఆలోచించే పనిని మాత్రమే సీలో రాశాం. పద్నాలుగు గుంటలు, ఇద్దరి గెలుపు పిక్కలు, ఎవరి వంతు, ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలి – ఇవి ఇస్తే, ఏ గుంట తీయాలో చెప్పే ఫంక్షన్ ఒకటి.

రెండవది: జీసీసీ అనే ఉచిత కంపైలరుతో దాన్ని "పంచుకునే లైబ్రరీ"గా కంపైల్ చేశాం. లినక్సులో ఇలాంటి ఫైలు పేరు చివర ఎస్ఓ అని, విండోసులో డీఎల్ఎల్ అని ఉంటుంది. ఇది తనంతట తాను నడిచే ప్రోగ్రాము కాదు. ఎవరైనా పిలిస్తే పలికే ప్రోగ్రాము.

మూడవది: పైథాన్‌లో సీటైప్స్‌తో ఆ ఫైలును తెరిచాం. లోపలి ఫంక్షన్‌కు ఏ రకం వస్తువులు ఇవ్వాలో, అది ఏ రకం తిరిగి ఇస్తుందో చెప్పాం.

నాలుగవది: కంప్యూటరు వంతు వచ్చినప్పుడు పైథాన్ ఆ ఫంక్షన్‌ను ఒక్కసారి పిలుస్తుంది. వచ్చిన గుంట సంఖ్యను తీసుకుని, పిక్కలు కదిలే బొమ్మ చూపిస్తుంది.

"ఒక్కసారి" అన్న మాట గమనించండి. పైథాన్ నుంచి సీకి వెళ్లి రావడానికి కొంత ఖర్చు ఉంటుంది. ఇచ్చిన వస్తువులను సీ రూపానికి మార్చాలి, తెచ్చినవాటిని మళ్లీ పైథాన్ రూపానికి మార్చాలి. మొదట మేము పిక్క పంచడం ఒక్కటే సీలో పెట్టి, లక్షలసార్లు పిలిచాం. వేగం పెద్దగా పెరగలేదు. చోడవరంలో పది సరుకులు కొనాలంటే రోలుగుంటలో పదిసార్లు బస్సెక్కుతామా? చీటీ రాసుకుని ఒక్కసారే వెళ్లి వస్తాం. ఆలోచన మొత్తాన్ని సీలోకి మార్చాక, ఎనిమిది ఎత్తులకు కూడా ఆ పాత కంప్యూటరు రెండు సెకన్లలోపే జవాబు చెప్పింది. ఆ రోజు హాస్టల్లో కేకలే కేకలు.

ఆ రెండు సెకన్లు కూడా తెర బిగుసుకోకుండా ఉండడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆట సెకనుకు 60 సార్లు తెర గీయాలంటే ఒక్కోసారికి 16 మిల్లీసెకన్ల పైచిలుకు మాత్రమే సమయం ఉంటుంది. సీటైప్స్ మామూలుగా సీ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు పైథాన్ తాళాన్ని వదిలిపెడుతుంది. కాబట్టి ఆ పిలుపును వేరే థ్రెడ్‌లో పెడితే, సీ ఆలోచిస్తూ ఉండగానే పైథాన్ తెర మీద బొమ్మలు కదిలిస్తూ ఉండగలదు. సీకి ఇచ్చే గుంటలను మాత్రం నకలు తీసి ఇవ్వాలి. ఒకే పలక మీద ఇద్దరు ఒకేసారి రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

మేము చేసిన మూడు తప్పులు

ఇవి దాచకుండా చెబుతున్నాం, మీరు చేయకూడదని.

మొదటి తప్పు: కాలేజీలో 64 బిట్ల కంప్యూటరు మీద లైబ్రరీ కంపైల్ చేసి, పెన్‌డ్రైవులో తెచ్చి, ఇక్కడి 32 బిట్ల వ్యవస్థలో తెరవబోయాం. తెరుచుకోలేదు. పైథాన్ ఫైలు ఎక్కడైనా నడుస్తుంది. కంపైల్ అయిన ఫైలు ఏ రకం యంత్రానికి తయారు చేస్తే అక్కడే నడుస్తుంది. చివరికి సీ ఫైలును తెచ్చి ఈ కంప్యూటరు మీదే కంపైల్ చేసుకున్నాం.

రెండవ తప్పు: పరిస్థితి ఎంత బాగుందో చెప్పే మార్కును సీ ఫంక్షన్ దశాంశ సంఖ్యగా తిరిగి ఇచ్చేది. ఆ సంగతి పైథాన్‌కు చెప్పడం మరిచాం. ఏమీ చెప్పకపోతే సీటైప్స్ వచ్చేది పూర్ణాంకం అనుకుంటుంది. దశాంశ సంఖ్య ప్రాసెసరులో ఒక గదిలో ఉంటే, అది ఇంకో గదిలో వెతికి అక్కడున్న చెత్తను తెచ్చి ఇచ్చింది. తప్పు జరిగిందని ఎవరూ చెప్పలేదు. కంప్యూటరు పిచ్చి పిచ్చిగా ఆడింది, అంతే. పిండిమర దగ్గర డబ్బా మీద పేరు రాయకపోతే ఎవరి పిండి ఎవరింటికి వెళుతుందో తెలియదు. ఇచ్చే రకం, తెచ్చే రకం రెండూ తప్పనిసరిగా రాసి పెట్టాలి.

మూడవ తప్పు అన్నిటికంటే పెద్దది. దాన్ని పట్టుకున్నది మేము కాదు, ఆరో తరగతి తమ్ముడు.

వాడు కంప్యూటరుతో ఆడుతూ, పక్కనే నేల మీద నిజం చింతపిక్కలు కూడా పెట్టుకుని అవే ఎత్తులు వేస్తున్నాడు. ఉన్నట్టుండి మా దగ్గరికి వచ్చి, "అన్నా, నేను గెలవకుండానే నా పిక్కలు పెరుగుతున్నాయి" అన్నాడు. మేము నమ్మలేదు. ఎందుకంటే ప్రతి ఎత్తు తరువాత గుంటల్లోవి, గెలిచినవి కలిపి 70 ఉన్నాయో లేదో చూసే పరీక్ష మేము పెట్టాం. ఎప్పుడు చూసినా 70 వస్తున్నాయి. "నువ్వే తప్పు లెక్కపెట్టావు" అన్నాం. వాడు నేల మీది పిక్కలు చూపించి మళ్లీ లెక్కపెట్టాడు. వాడిదే సరైన లెక్క.

జరిగిందేమిటంటే, సీలో గుంటల సంఖ్యలు 0 నుంచి 13 వరకు. 13 దాటగానే మళ్లీ 0కి రావాలి. మేము పొరపాటున 14 దాటాక వచ్చేలా రాశాం. లేని పదిహేనో గుంటలో కూడా ఒక పిక్క పడుతోంది. పైథాన్ అయితే "అలాంటి గుంట లేదు" అని అక్కడే ఆపేసేది. సీ అడగదు. మెమరీలో గుంటల తరువాత ఏముందో దానిలో పిక్క వేసేస్తుంది. మేము గుంటల తరువాత రాసుకున్నది మొదటి ఆటగాడి గెలుపు పిక్కలు! అందుకే పిక్క పోలేదు, ఆటగాడి ఖాతాలో పడింది. మొత్తం 70 అలాగే ఉంది. మా పరీక్షకు దొరకలేదు.

ఆ తప్పు వల్ల లాభపడుతున్నది ఆ తమ్ముడే. ఊరుకుంటే వాడే గెలిచేవాడు. అయినా వచ్చి చెప్పాడు. వాడి మాట మొదటిసారి నమ్మనందుకు మేము ముగ్గురం వాడికి క్షమాపణ చెప్పుకున్నాం, ఇక్కడ మళ్లీ చెప్పుకుంటున్నాం.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. మొదట రాసిన నెమ్మది పైథాన్ ఆటను పారేయలేదు. సాక్షిగా ఉంచుకున్నాం. ఒకే ఎత్తును పైథాన్‌లోనూ సీలోనూ వేయించి, ప్రతి గుంటనూ పోల్చి చూస్తాం. ఒక్క గుంట తేడా వచ్చినా ఆగిపోతుంది. వేగంగా పనిచేసేవాడి పక్కన నిదానంగా లెక్క చూసేవాడు ఒకడు ఉండాలి.

తెలుగు అక్షరాల కథ

ఇప్పుడు రెండో చిక్కు. "పిక్కలు" అనే మాట మన కంటికి మూడు అక్షరాలు. కంప్యూటరు దాచుకునేది ఏడు సంకేతాలుగా: ప, గుడి, క, పొల్లు, క, ల, కొమ్ము. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు నుంచే తెలుగుకు అందులో స్థానం ఉంది. సంకేతాలు ఉన్నంత మాత్రాన చాలదు. పొల్లు వచ్చాక వచ్చిన క వత్తుగా మారి కిందికి దిగాలి, గుడి ప మీద చేరాలి. ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించే ఈ పనిని షేపింగ్ అంటారు. ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కనే నిలబడితే సరిపోతుంది కాబట్టి ఈ మెట్టు లేకపోయినా ఇంగ్లీషుకు పని జరిగిపోతుంది. మనకు జరగదు.

ఈ పని చేసే ప్రసిద్ధ ఉచిత లైబ్రరీ హార్ఫ్‌బజ్. దీని ముఖ్య రచయిత ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఇస్ఫహ్‌బుద్. ఫారసీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నీ దీన్ని వాడతాయి. లోపల సీ++లో రాసినా, బయటి తలుపు మాత్రం సీదే. కాబట్టి ఏ భాష నుంచైనా పిలవవచ్చు.

ఎస్‌డీఎల్‌లో అక్షరాలు గీసే భాగానికి 2022లో వచ్చిన కూర్పుతో హార్ఫ్‌బజ్ తోడైంది. 2023లో పైగేమ్ నుంచి వేరుపడిన పైగేమ్ సీఈలో, ఫాంటుకు లిపి పేరును నాలుగు అక్షరాల సంకేతంతో చెప్పే ఫంక్షన్ ఉంది. తెలుగుకు ఆ సంకేతం "టీ, ఈ, ఎల్, యూ". ఆ ఒక్క వరుస చేర్చగానే "పిక్కలు" పిక్కలుగా కనబడింది. ఫాంటుగా అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన వాటిలోని రామభద్రను వాడాం. దాని లైసెన్సు ప్రకారం ఆటతో పాటు ఫాంటును కూడా ఇవ్వవచ్చు.

ఐదో తరగతి తమ్ముడికి ఇప్పుడు సమాధానం చెప్పగలం. కంప్యూటరుకు తెలుగు వచ్చు తమ్ముడూ. మేమే దాన్ని సరైన వాళ్ల దగ్గరికి పంపలేదు.

ఒక్క అక్షరం ఫోన్లను పడగొట్టిన వేళ

ఇక్కడ ఒక నిజమైన సంఘటన చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా" అనే మన తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన సంకేతాల వరుసలో ఎవరైనా సందేశంగా పంపితే, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. తప్పు ఆ యాప్‌లు రాసినవాళ్లది కాదు. అవన్నీ అక్షరాలు గీయడానికి ఫోనులోని ఒకే కంపైల్ అయిన లైబ్రరీని పిలుస్తున్నాయి. ఆ వరుసను కూర్చడంలో ఆ లైబ్రరీ తడబడింది. దాన్ని పిలిచినవన్నీ దానితో పాటే పడిపోయాయి. అదే నెలలో ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, సీ లాంటి కంపైల్ అయిన లైబ్రరీలో మెమరీ తప్పు జరిగితే పైథాన్ దాన్ని పట్టుకుని క్షమించలేదు, ఆటంతా ఒక్కసారిగా మాయమవుతుంది. "రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవకూడదు" అన్నారు పెద్దలు. నిజమే, కానీ తల పెట్టే ముందు రోట్లో ఏముందో చూసుకోవాలి. రెండు, లైబ్రరీలు తయారు చేసేచోట మన భాష తెలిసినవాళ్లు, మన అక్షరాలతో పరీక్షించేవాళ్లు ఉండాలి. ఆ పని ఎవరో దూరదేశంలో చేస్తారని కూర్చోకూడదు. మీలో ఒకరు చేయవచ్చు.

సీ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

మా అనుభవంలో సీ దగ్గరికి పరుగెత్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: ఏ భాగం నెమ్మదిగా ఉందో కొలిచామా? ఊహించడం వేరు, కొలవడం వేరు. మేము బొమ్మలు గీయడమే ఆలస్యమనుకున్నాం, కొలిస్తే కాదని తేలింది.

రెండు: ఉపాయం మార్చితే సరిపోతుందా? ఇది మాకు ఆలస్యంగా తెలిసింది. మేము లైబ్రరీ పూర్తి చేసి గొప్పగా చెబితే, మా లెక్చరర్ ఒకరు "ఆల్ఫా–బీటా పెట్టారా?" అని అడిగారు. ఎదుటివాడు ఎలాగూ ఒప్పుకోని దారిని చివరిదాకా చూడకుండా మధ్యలోనే వదిలేసే పద్ధతి అది. ఎనిమిది ఎత్తులకు 57,64,801 దారుల చివర చూడాల్సిన చోట, ఎత్తుల వరుస అన్నిటికన్నా బాగా కుదిరితే 4,801 చాలు. అంత బాగా ఎప్పుడూ కుదరదు. అయినా అది పెట్టాక పైథాన్ ఆట కూడా ఎనిమిది ఎత్తులు ఓపిక పట్టగలిగినంత సేపట్లో ఆలోచించింది. సీలోనూ పెట్టాక పన్నెండు ఎత్తుల వరకు వెళ్లాం. ముందు బుర్ర, తరువాత గానుగ.

మూడు: ఆ పని చేసే లైబ్రరీ ఎవరైనా ఇప్పటికే రాశారా? అక్షరాలు కూర్చడం మేము సొంతంగా రాయబోతే ఎన్ని ఏళ్లు పట్టేదో! ఉన్నదాన్ని వాడుకోవడం చిన్నతనం కాదు.

ఈ మూడింటికీ జవాబులు చూసుకున్నాక సీ అవసరమైతే, భయపడకుండా వెళ్లండి.

ముగింపు

ఇప్పుడు ఆట హాస్టల్ కంప్యూటరులో ఉంది. పన్నెండు ఎత్తులు పెడితే మేము కూడా ఓడిపోతున్నాం. కాబట్టి చిన్న తమ్ముళ్ల కోసం రెండు ఎత్తుల సులువు ఆట కూడా పెట్టాం. పైథాన్ ఫైలు, సీ ఫైలు, కంపైల్ చేసే వరుస అన్నీ అదే ఫోల్డరులో ఉన్నాయి. తెరిచి చూడండి, మార్చండి, పాడు చేయండి, మళ్లీ బాగు చేయండి. మీకు మూడు పనులు అప్పగిస్తున్నాం. మీ అమ్మమ్మ ఊరిలో వామనగుంటలకు వేరే నియమం ఉంటే అది చేర్చండి. పులి–మేక ఆటకు ఇలాంటి ప్రోగ్రామే రాయండి. ఏ మార్పు చేసినా, పక్కన నిజం చింతపిక్కలు పెట్టుకుని ఒక ఆట లెక్కపెట్టండి.

మేము ఇక్కడ చదివినప్పుడు ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా హాస్టల్ మారలేదు. వరండాలో వరుసగా కూర్చుని చదువుకునే పిల్లలూ మారలేదు. మంచి కంప్యూటరు ఉన్నవాళ్లే మంచి ప్రోగ్రాములు రాయగలరని మేము చాలా కాలం నమ్మాం. పాత కంప్యూటరు కాబట్టే ఏ పని ఎవరికి అప్పగించాలో ఆలోచించాల్సి వచ్చింది. కొత్తదై ఉంటే ఈ పాఠం నేర్చుకునేవాళ్లం కాదేమో.

 

– పూర్వ విద్యార్థులు